నీటి మీద పిలవకూడని పేరు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మాటలు ఏరుకోవడం అని చెప్పేదాన్ని. మా అమ్మకు అదొక ఉద్యోగంలా ఏనాడూ అనిపించలేదు. "పత్తి ఏరితే కూలిస్తరు, మిరపకాయలు ఏరితే కూలిస్తరు. మాటలేరితే ఎవలిస్తరే నీకు?" అనేది. ఎవరో ఇచ్చారు, నేనూ బతికాను. వృత్తుల వాళ్ల మాటలు పోగుచేసి నిఘంటువు వేసే ఒక కార్యాలయంలో చేరి, జుట్టు నెరిసేదాకా అందులోనే ఉన్నాను. చేపలు పట్టేవాళ్ల మాటలు నా వంతుకు వచ్చాయి.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఎలా చేసేవారు మేడమ్ అని అడుగుతుంటారు. ఎలా చేశామో చెప్పడం తేలిక. ఏం చేయకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, రిపోర్టులు, ఏ ఆఫీసరు ఏ ఆఫీసరు మీద చాడీలు చెప్పాడు, ఇవన్నీ ఇందులో దొరకవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

మత్స్యం అంటరమ్మా

నేను పుట్టింది వైరా దగ్గర. రిజర్వాయరు చేపలు తిని పెరిగినదాన్ని, చేపల గురించి నాకు ఒకరు చెప్పాలా అని పొగరు ఉండేది. మొదటి సీజనులోనే అది దిగిపోయింది. కట్ట మీద ఒక పెద్దాయన వల దులుపుతుంటే వెళ్లి, ఆయన చేతిలో ఉన్న చేపను చూపించి, "దీన్నేమంటారు?" అని అడిగాను. ఆయన నా కళ్లద్దాలు చూశాడు, భుజాన సంచీ చూశాడు. గొంతు సవరించుకుని "మత్స్యం అంటరమ్మా" అన్నాడు. అంతలో వెనకనుంచి ఆయన భార్య, "ఓయ్, గా జల్లను అమ్మకు, ఇంట్లకు ఉంచు" అని కేకేసింది. పెద్దాయన నా వైపు చూసి సిగ్గుపడ్డాడు. నేను అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను.

మనుషులు మీకు మాట ఇచ్చేముందు మీ మొహం చూస్తారు. మీకు ఏది తగునని అనుకుంటే అది ఇస్తారు. అందుకే మాట అడగొద్దు, పని అడగండి. ఆవు వెంట దూడ వచ్చినట్టు పని వెంట మాట వస్తుంది. నేను వల అల్లడం నేర్చుకున్నాను. ఆ ఏడాది నా వేళ్ల సందులన్నీ కోసుకుపోయాయి గానీ, ఆ తర్వాత నన్ను చూసి ఎవరూ మత్స్యం అనలేదు.

గోదారి పల్లె

తర్వాత నన్ను భద్రాచలం దిగువకు పంపారు. గోదావరి ఒడ్డున బెస్తవాళ్ల పల్లె. వెనక అడవి, అడవిలో కోయగూడేలు, ఎదుట అవతలి ఒడ్డున నిటారు కొండ. పల్లె పేరు రాయను. ఎనభైల మొదట్లో మాట ఇది. సంచీ వేసుకుని ఒంటరిగా అడవి దారిలో నడిచే ఆడమనిషిని చూస్తే అప్పట్లో రెండే అనుమానాలు. మలేరియా మందు చల్లడానికి వచ్చిందని ఊరివాళ్లు, అన్నలకు కబురు మోస్తోందని పోలీసులు. చెక్‌పోస్టులో ఒక కానిస్టేబులు టేప్‌రికార్డరు అటూ ఇటూ తిప్పి చూసి, "చేపల పేర్లకు గవర్నమెంటు జీతమిస్తదా?" అని అడిగాడు. ఇస్తుందన్నాను. "మాదే బుద్ధితక్కువ ఉద్యోగం" అని పంపించేశాడు.

పల్లెలో నేను దిగింది లచ్చమ్మ ఇంట్లో. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, నోరు గట్టిది, మనసు వెన్న. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది. దాంతో ఆమె భర్త నాకు బావ అయ్యాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నన్ను మొదటిసారి పడవ ఎక్కనిచ్చింది ఆయనే.

ఆ బావ పేరు పెంటయ్య అని రాస్తాను. అది ఆయనకు నడివయసు దాటాక పెట్టిన పేరు. అంతకుముందు ఆయన తల్లి పెట్టిన పేరు ఇంకొకటి ఉండేది. దాన్ని ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చెప్పేదే ఈ కథంతా.

ఒడ్డు మాట, ఏటి మాట

పడవ ఒడ్డు విడిచి, దాన్ని తోసే గెడకర్ర అడుగున తగిలిన క్షణం నుంచి వాళ్ల భాష మారిపోయేది. నాకు మొదట అర్థంకాలేదు. ఒడ్డున వల అన్నదాన్నే నీటి మీద చీర అంటారు. వల చిరిగితే "చీర నవ్వింది" అంటారు. చేపను ఆకు అంటారు. మొసలిని తాత అంటారు. వరద వస్తోందంటే "పెండ్లోళ్లు బయల్దేరిండ్రు" అంటారు. నీళ్లలో పోయినవాడి గురించి మాట్లాడాల్సి వస్తే "చుట్టపుచూపుకు పోయిండు" అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఎవరో బంధువుల ఊరికి వెళ్లారనుకుని, ఎప్పుడొస్తాడు అని అడిగాను. పడవలో అందరూ నీళ్ల వైపు చూశారు.

ఇది విని నవ్వేవాళ్లు తమ ఇంట్లోకి చూసుకోండి. దీపం ఆరిందని మనలో ఎవరంటారు? కొండెక్కిందంటాం. పోతున్నానని గడప దాటం, పోయొస్తానంటాం. చీకటి పడ్డాక పామును పురుగంటాం. వినేవాళ్లు ఎవరో ఉన్నారన్న భయం మనందరిలోనూ ఉంది. బెస్తవాళ్లు రోజంతా ఆ వినేవాళ్ల నెత్తి మీదే పనిచేస్తారు, అంతే తేడా.

మాటలు సరే. మనుషుల పేర్లు కూడా మారిపోయేవి. మొదటిసారి గెడ పట్టిన రోజున ప్రతివాడికి ఏటి పేరు ఒకటి పెడతారు. నీటి మీద ఆ పేరుతోనే పిలవాలి. బావను పొడుగోడు అనేవారు. ఆయన అల్లుడు రాములును నల్లబెండు అనేవారు. నన్ను కళ్లద్దాలు అన్నారు. తల్లి పెట్టిన పేరు పడవలో ఎవరి నోటా రాకూడదు.

ఎందుకని అడిగితే బావ గెడ ఆపి చెప్పాడు. "పేరు చెప్తె ఏరు గుర్తువెట్టుకుంటది. గుర్తువెట్టుకుంటె పిలుస్తది."

"పిలిస్తే ఏమవుతుంది బావా?"

"కన్నతల్లి పెట్టిన పేరాయె. పిలిస్తె పలకకుండ ఎట్లుంటం?" అన్నాడు. అని మళ్లీ గెడ వేశాడు.

నేను పడవ అంచు మీంచి కిందికి చూశాను. అప్పుడు మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్లుమని కాస్తోంది, నీళ్లలో మా పడవ నీడ తప్ప ఏమీ లేదు.

మా సారు

మా ప్రధాన సంపాదకుడిని మేమంతా సారు అనేవాళ్లం. కోస్తా మనిషి. ఆయన మీద నాకు ఎన్ని కోపాలున్నా, ఆయనంత మంచి పై అధికారిని మళ్లీ చూడలేదు. ఆయనకు రెండు నియమాలుండేవి. ఒకటి, నిఘంటువుకు మాట ఇచ్చిన ప్రతి మనిషి పేరూ పుస్తకం మొదట్లో అచ్చు వేయాలి. "వాళ్ల సొత్తు మనం తీసుకుంటున్నాం, కనీసం పేరైనా చెప్పకపోతే దొంగలమవుతాం" అనేవాడు. రెండు, మనిషన్నవాడినల్లా గారు అని పిలవాలి. హోటల్లో టీ తెచ్చే మనిషి మొదలు కండక్టరు దాకా అందరూ గారే. కొందరు వెక్కిరింత అనుకుని తగువుకు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఏటి మాటల గురించి విని ఆయన స్వయంగా చూస్తానని వేసవిలో పల్లెకు వచ్చాడు. పడవ ఎక్కేముందు పేర్ల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఆయన పంచె చూసి రాములు "తెల్లగుడ్డ" అని ఏటి పేరు పెడితే పొంగిపోయాడు కూడా.

ఎండాకాలం గోదావరి పాయలుగా చీలి ఇసుక తేలుతుంది. కొండ కింద మాత్రం ఒక మడుగు ఎప్పటికీ తరగదు. నీళ్లు నల్లగా, కదలకుండా ఉంటాయి. ముందురోజు వేసిన వల తీయడానికి అక్కడికి వెళ్లాం. వల అడుగున బండకు పట్టుకుంది. బావ నడుం బిగించి నీళ్లలోకి దిగాడు.

చాలాసేపైంది. నీటి మీద బుడగలు రావడం ఆగిపోయింది. రాములు మొహంలో ఏ మార్పూ లేదు, వాళ్లకది అలవాటు. సారు లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. నేను ఆయన పంచె పట్టుకున్నాను, కూర్చోమని. ఆయనకు నేను కనిపించలేదు. పొద్దున తనకు జొన్నరొట్టె పెట్టిన మనిషి కళ్లముందే పోతున్నాడు అన్నదొక్కటే ఆయనకు కనిపించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఇంటిపేరుతో సహా, తల్లి పెట్టిన పేరుతో, చివర గారూ అని సాగదీసి, బావను పిలిచాడు.

ఎదుటి కొండ ఆ పిలుపును తిరిగి పిలిచింది. గారూ అనే మాట నీళ్ల మీదుగా చాలా దూరం పోయింది. రాములు చేతిలో గెడ జారిపోయింది.

తర్వాత కొంచెంసేపటికి బావ తేలాడు. పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. మా ముగ్గురి మొహాలూ చూశాడు.

"ఎవలు పిలిచిండ్రు?" అన్నాడు.

నేనే చెప్పాను, భయపడి సారు పిలిచారు బావా, పడవలోంచే అని.

ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నాకు పైకెల్లి ఇనవడలే. అడుగుకెల్లి ఇనవడ్డది."

వల అక్కడే వదిలేసి పడవను ఒడ్డుకు తిప్పారు. ఒడ్డు దిగాక బావే సారును ఓదార్చాడు. "మీరేం మనసుల వెట్టుకోకున్రి సారూ. పానం మీద తీపికొద్ది పిలిచిండ్రు. కావాలని పిలిచిండ్రా?" సారు మర్నాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. నేనూ కొన్నాళ్లకు వేరే పని మీద నేలకొండపల్లి వైపు వెళ్లాను.

మధ్యాహ్నపు పిలుపు

వానలు వెలిశాక తిరిగి పల్లెకు వచ్చేసరికి బావ పడవ ఇంటి ముందు బోర్లించి ఉంది. ఆయన ఏటికి వీపు పెట్టి మంచం మీద కూర్చుని ఎవరివో వలలు బాగుచేస్తున్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు గానీ, అందులో ప్రాణం లేదు.

లచ్చమ్మ నన్ను లోపలికి తీసుకుపోయి చెప్పింది. ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు ఏటి వైపు నుంచి ఎవరో పిలుస్తున్నారట. రోజూ కాదు. పిలిచిన రోజున ఊరందరికీ వినపడుతుందట.

"ఎవరో లాంచీలో పోతూ పిలుస్తున్నారేమో అక్కా."

"గారు అంటది చెల్లె" అంది లచ్చమ్మ. "మా ఊళ్లె ఆయన్ని గారు అని ఎవలు పిలుస్తరు? ఆ సారు ఎట్లన్నడో అట్లనే అంటది."

నేను ఆదివారం చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టాను. దయ్యాలూ శకునాలూ నమ్మొద్దని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఎవడో తుంటరి పని అనుకుని, వాడిని పట్టుకుందామని మధ్యాహ్నాలు ఒడ్డున కాపలా కూర్చున్నాను. గోరింకలు మనిషి మాట పలుకుతాయి కదా అని చెట్లన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు.

ఒకరోజు భోజనాలయ్యాక వాకిట్లో కూర్చున్నాం. కోళ్లు కూడా నీడన సద్దుమణిగాయి. అప్పుడు వినపడింది. గట్టిగా కాదు. పక్కింటి మనిషిని గోడ మీదుగా పిలిచినట్టు, మర్యాదగా. ఇంటిపేరు, పేరు, చివర సాగదీసిన గారు. మా సారు గొంతు నాకు తెలుసు, అది ఆయన గొంతు కాదు. ఆ గొంతు ఆడదో మగదో కూడా చెప్పలేను. పిలిచే తీరు మాత్రం ఆయనదే.

బావ చేతిలో వల ఆగిపోయింది. ఆయన పాదాలు నేలను వెతుక్కున్నాయి. లచ్చమ్మ పరుగున వెళ్లి రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసి అదిమి పట్టుకుంది. అలవాటైన పనిలా చేసింది. పిలుపు ఆగేదాకా అలాగే ఉంది. తర్వాత నా వైపు తిరిగి "ఇన్నవా?" అంది.

విన్నాను. నేనేం విన్నానో ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదని రాయడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. పిల్లలూ, ప్రతిదానికీ ఒక వివరణ తగిలించి ఇంటికి తెచ్చేవాళ్లను నేను నమ్మను.

ఆ వారంలోనే ఒకనాడు లచ్చమ్మా నేనూ సంతకు పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. రాములు పరుగెత్తాడు. బావ ఏట్లో నడుస్తూ పోతున్నాడు. అప్పటికే ఛాతీ లోతు. "వస్తన్నా, వస్తన్నా" అంటున్నాడట. ఈత రానివాడిలా చేతులు కిందికి వేలాడేసుకున్నాడట. పుట్టినప్పటి నుంచి నీళ్లలో బతికిన మనిషి. ఇద్దరు మనుషులు కలిసి జుట్టు పట్టి లాక్కొచ్చారు.

లచ్చమ్మ ఆ రోజు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని "చెల్లె, ఈయన్ను నేను ఎన్ని మధ్యాహ్నాలు పట్టుకొని కూసోను?" అంది. నాకు కన్నీళ్లాగలేదు.

పేరు మార్చడం

పెద్దలు కూర్చుని ఒక దారి చెప్పారు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మనవాళ్లు చేసే పని మీకు తెలుసు. బిడ్డను పెంట మీద పడేసి, ఇంకొకరి చేత తవుడిచ్చి కొనిపించి, పెంటయ్య అని పేరు పెడతారు. చావు ఆ పేరు విని, ఇదేదో పారేసిన సరుకనుకుని పోతుందని ఆశ. అదే పని ఇప్పుడు తాత వయసొస్తున్న మనిషికి చేయాలన్నారు.

దానికొక షరతు. పాత పేరు తెలిసినవాళ్లంతా వచ్చి, ఆ మనిషిని ఎరుగమని చెప్పాలి. ఒక్కరి నోట మిగిలినా ఏటికి దారి ఉన్నట్టే.

"ఆ సారు రావాలె" అన్నారు. "ఏటికి నేర్పింది ఆయన నోరే."

నేను హైదరాబాదు వెళ్లాను. సారు అంతా విన్నాడు. నమ్మకం లేదంటాడని జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన బాధ వేరే.

"మనకు మాటలిచ్చిన మనిషిని నేనెప్పుడూ కాదనలేదమ్మా. ఇప్పుడు ఊరందరి ముందూ నిలబడి ఆయన ఎవరో నాకు తెలియదని చెప్పమంటావా? అంత కృతఘ్నత నా వల్ల కాదు."

నాకు కోపం వచ్చింది. పై అధికారి అన్న సంగతి మర్చిపోయాను. "ఆయన మాటలన్నీ మన దగ్గరే ఉంటాయి సార్. పేరొక్కటి వదలమంటున్నారు. మీ కృతజ్ఞత కోసం ఆయన ఏట్లో నడవాలా? నోటితో వేసిన ముడి నోటితోనే విప్పాలి, రండి" అన్నాను.

లోపలినుంచి ఆయన ఇల్లాలు కాఫీ పట్టుకొచ్చి, "వెళ్లిరండి" అని ఒక్క మాట అంది. ఆ సాయంత్రమే బస్సెక్కాం.

మర్నాడు పొద్దున పల్లె చివర పెంటకుప్ప దగ్గర ఊరంతా చేరింది. బావను బట్టలు విప్పించి గోచీతో కుప్ప మీద పడుకోబెట్టారు. కొందరు ముసలమ్మలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయనా నవ్వాడు. ఏటితో చుట్టరికం లేని ఇంటి మనిషి కొనాలి కాబట్టి గుట్ట మీది గూడెం నుంచి ఒక కోయ ఆవిడను పిలిపించారు. ఆయన కంటే చిన్నది. చేటలో తవుడు తెచ్చి కుప్ప ముందు నిలబడి, ముందు తన భాషలో ఏదో అంది, తర్వాత అందరికీ తెలిసేలా, "ఈ పిలగాడు ఎవలోడు?" అని అడిగింది.

"ఎవలోడూ కాదు. పెంట మీద దొరికిండు" అన్నారు పెద్దలు.

"అయితె నేను కొనుక్కపోత. పెంటయ్య అంట." తవుడు కుమ్మరించి, చెయ్యిపట్టి లేపింది. ఆ రోజు నుంచి ఆమెను ఆయన అమ్మా అనే పిలిచాడు.

తర్వాత ఒక్కొక్కరూ వరసగా వచ్చారు. పెద్దమనిషి ఏటి వైపు చెయ్యి చూపించి, "గోదారి పిలిచే మనిషిని నువ్వెరుగుదువా?" అని అడిగాడు. "ఎరుగ" అని ఒక్కొక్కరూ చెప్పి పక్కకు జరిగారు. ఆయన అన్న చెప్పాడు. కూతురు చెప్పింది. నేను చెప్పాను. లచ్చమ్మను మాత్రం అడగలేదు. మొగుడి పేరు ఏనాడూ పలకని ఆడమనిషి నోట ఆ పేరు ఎక్కడిది? ఆమె తన వంతు లేదని తెలిసి కొంచెం దూరంగా నిలబడింది.

చివరికి సారు. "ఎరుగను" అన్నాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు అక్కడే నేల మీద కూలబడ్డాడు. పెంటయ్యే వచ్చి ఆయనను లేపి, "మీదే ఊరు సారూ?" అని అడిగాడు. అప్పుడే పరిచయమైన మనిషిని అడిగినట్టు.

ఆ మధ్యాహ్నం పిలుపు వచ్చింది. అందరం వాకిళ్లలోనే ఉన్నాం. ఎవరూ తల ఎత్తలేదు. లచ్చమ్మ లేవబోయి ఆగింది. పెంటయ్య వల అల్లుతూనే చెవుల్లో దూది తీసి, కాసేపు విని, "ఎవల్నో పిలుస్తున్నరు. పాపం, పలుకుతలేరు" అన్నాడు.

నటించాడో, నిజంగా ఆ పేరు ఆయనలోంచి పోయిందో నాకు తెలియదు. మర్నాడు పడవ తిరగేసి ఏట్లో వేశాడు.

పుస్తకం

మా పుస్తకం అచ్చయినప్పుడు మాటలిచ్చినవాళ్ల పేర్లలో పెంటయ్య అనే ఉంది. సారే స్వయంగా ప్రూఫు చూశాడు. ఆ పేజీ మీద ఆయన వేలు ఆగడం నేను చూశాను. పదవీవిరమణ తర్వాత కూడా పల్లె గురించి అడిగేవాడు, పేరు లేకుండా. "వాళ్లంతా కులాసానా?" అనేవాడు.

ఏటి మాటలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఏటి పేర్లు లేవు. ఏ ఏటి పేరు ఎవరిదో అచ్చువేస్తే, తల్లి పెట్టిన పేరుకు ఏటికి దారి చూపినట్టే. అవి కూడా ఉంటే పుస్తకం ఇంకా గొప్పగా ఉండేదని ఒక సమీక్షకుడు రాశాడు. ఉండేదేమో. ఒక మనిషి ప్రాణం కంటే గొప్ప నిఘంటువు నాకు అక్కర్లేదు. మీకూ అక్కర్లేకపోతే ఈ ఉద్యోగానికి పనికొస్తారు.

దింపుడు కళ్లం

పెంటయ్య తర్వాత చాలా ఏళ్లు బతికాడు. వల వేశాడు, మనవళ్లకు గెడ పట్టడం నేర్పాడు. ఏట్లో కాదు, ఇంట్లో మంచం మీద, జ్వరంతో పోయాడు. తొంభైలలో మాట. నేను ఆ సమయానికి దమ్మపేటలో ఉన్నాను. రాములు కబురు పంపితే వెళ్లాను.

వాళ్లలో ఆడవాళ్లు కూడా కాటి దాకా నడుస్తారు. తవుడిచ్చి కొన్న కోయ తల్లి పాడె ముందు కొడుకా అని ఏడుస్తూ నడిచింది. ఏటి ఒడ్డునే దారి. సగం దూరంలో పాడె దింపారు. ఆ ఆచారం మీకు తెలిసిందే. పోయినవాడి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే లేస్తాడేమోనని. దింపుడు కళ్లం ఆశ అంటాం.

రాములు వంగి, "పెంటయ్య మామా" అని మూడుసార్లు పిలిచాడు. ఏమీ లేదు. మోసేవాళ్లు వంగారు.

"ఆగున్రి" అంది లచ్చమ్మ.

ఆమె వచ్చి పాడె పక్కన కూర్చుంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. "వద్దక్కా" అన్నాను.

"ఊరంత ఎరుగమన్నది చెల్లె. నువ్వూ అన్నవు. నేను అనలే" అంది. "నన్నెవలూ అడగలే. పెండ్లయిన కాంచి ఒక్కనాడు పేరు పెట్టి పిలవలే. ఇప్పుడు గూడ పిలవకపోతె ఈ మనిషి ఎవలోడై పోవాలె?"

చెవి దగ్గరికి వంగింది. పెదవులు కదలడం చూశాను. ఒక్కసారే పిలిచింది. నాకు వినపడలేదు. ఎవరికీ వినపడలేదు. అప్పుడు ఎండ నెత్తి మీదే ఉంది, గాలి లేదు, ఒడ్డున అంతమంది ఉన్నా చిన్న చప్పుడు కూడా లేదు.

లచ్చమ్మ మెల్లగా తల ఎత్తింది. పాడె వైపు చూడలేదు. ఏటి వైపు చూసింది. ఆమె మొహంలో భయం లేదు. చాలాకాలం ఎదురుచూసిన మనిషి గుమ్మంలోకి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పలికిండు" అంది.